వార్షిక నివేదిక: కార్యదర్శి మాట

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో నివేదిక చదవాలన్నది నిబంధన. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలుసు, మళ్ళీ రాసి పేజీలు నింపను. ఈ ఏడాది జరిగిన అసలు పని ఒక్కటే. లైనక్స్ కెర్నెల్‌కి (ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి ప్రోగ్రామ్) పాచ్, అంటే కోడ్‌లో మనం చేసిన మార్పు, ఎలా పంపాలో తెలుగులో మార్గదర్శకాలు రాసుకున్నాం.

దీని అవసరం ఎందుకొచ్చిందంటే, అంతకుముందు మనవాళ్ళు పంపిన పాచ్‌లు చాలావరకు తిరిగొచ్చాయి. కోడ్ తప్పయి కాదు. ఒకరు బగ్ సరిచేస్తూ పనిలో పనిగా వేరియబుల్ పేర్లూ మార్చేశారు. ఒక పాచ్‌లో ఒక్క మార్పే ఉండాలని అక్కడి పట్టు. ఇంకొకరు పాచ్‌ని అటాచ్‌మెంట్‌గా పంపారు. మెయింటెయినర్ (ఆ భాగం కోడ్ చూసుకునే బాధ్యుడు) లైను కింద లైను రాసి జవాబివ్వాలంటే కోడ్ మెయిల్‌లోనే, ప్లెయిన్ టెక్స్ట్‌గా కనబడాలి మరి. మూడో ఆయన మెయిల్‌లోనే పెట్టారు కానీ, మెయిల్ సాఫ్ట్‌వేర్ ట్యాబ్‌లన్నిటినీ స్పేస్‌లు చేసి కూర్చుంది. కెర్నెల్‌లో ఇండెంటేషన్‌కి ట్యాబే వాడాలి, దాని వెడల్పు 8 అక్షరాలు. ఆ పాచ్ అప్లై కానేలేదు. పాచ్‌లు మెయిల్ చేసే గిట్ సెండ్-ఈమెయిల్ కమాండ్ వాడితే ఈ బాధ ఉండదు. పంపేముందు రాతలో తప్పులు పట్టే చెక్‌పాచ్ స్క్రిప్ట్ నడపండి, ఎవరికి పంపాలో గెట్-మెయింటెయినర్ స్క్రిప్టే చెబుతుంది. ఇవన్నీ ఇంగ్లీషు డాక్యుమెంటేషన్‌లో ఉన్నవే. చదివేవాళ్ళు లేకే మనం రాయాల్సి వచ్చింది.

పాచ్ వివరణ చివర పేరు, ఈమెయిల్‌తో రాసే 'సైన్డ్-ఆఫ్-బై' లైను గురించి చాలామంది అడిగారు. 2003లో ఎస్‌సీఓ కంపెనీ, తన కోడ్‌ని లైనక్స్‌లో పెట్టారంటూ ఐబీఎం మీద దావా వేసింది. ఏ కోడ్ ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో ఆధారం ఉండాలని 2004లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఈ సంతకం పద్ధతి తెచ్చారు. ఈ కోడ్‌ని కెర్నెల్ లైసెన్సు కింద ఇచ్చే హక్కు నాకుందని మనం మాటిస్తున్నట్టు లెక్క. కాబట్టి ఆఫీసు టైములో రాసిన కోడ్ అయితే ముందు ఆఫీసులో కనుక్కోండి. అన్నట్టు, ఇంటిపేరు ముందా వెనకా అని సమావేశంలో అరగంట వాదించుకున్నాం. ఎటు రాసినా ఫర్వాలేదు, ఎవరో తెలియకుండా అజ్ఞాతంగా పంపకుండా ఉంటే చాలు.

ఇక వర్క్‌షాప్. ల్యాబ్ ఇస్తామని మాటిచ్చిన కాలేజీవారు ఆ ఉదయం తాళం తీయలేదు, ఫోనూ ఎత్తలేదు. మన కోశాధికారిగారి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చాపలు పరిచి కానిచ్చాం. అక్కడ మొదలుపెట్టిన ఒక విద్యార్థిని పాచ్ నాలుగో వెర్షన్‌కి కెర్నెల్‌లో చేరింది! డ్రైవర్‌లో ఎర్రర్ వచ్చినప్పుడు మెమరీ విడుదల చేయకుండా వదిలేస్తున్న చోట రెండంటే రెండు లైన్లు. వివరణ మాత్రం పదకొండు లైన్లు. 'ఏం మార్చావో కోడ్‌లో కనబడుతోంది, ఎందుకు మార్చావో చెప్పు' అని మెయింటెయినర్ రెండుసార్లు వెనక్కి పంపారు. ప్రతి వెర్షన్‌లో ఏం మారిందో వివరణ చివర వచ్చే మూడు గీతల (---) కింద ఓపిగ్గా రాసింది ఆ అమ్మాయి. మిగతావాళ్ళు మర్నాడే 'సార్, చూశారా?' అని మెయిల్ పెట్టారు. కనీసం వారమైనా ఆగాలి. కెర్నెల్ కొత్త వెర్షన్ విడుదలయ్యాక రెండు వారాలు మెర్జ్ విండో, అంటే తర్వాతి వెర్షన్‌కి మార్పులు కలుపుకునే సమయం, అప్పుడు వాళ్ళకి ఊపిరి సలపదు.

సెల్లార్ ఇచ్చిన అపార్ట్‌మెంట్ వారికి, కార్లు బయట పెట్టించిన వాచ్‌మన్‌గారికి, పులిహోర పంపిన కోశాధికారిగారి శ్రీమతిగారికి, మార్గదర్శకాల ప్రూఫులు దిద్దిన ఇద్దరు సభ్యులకు కృతజ్ఞతలు. ఇద్దరే అని ఎందుకు అంటున్నానంటే, వాట్సాప్‌లో 'నేను రెడీ' అన్నవాళ్ళ పేర్లు నా దగ్గరున్నాయి. చదవను.

జమాఖర్చులు విడిగా జతచేశాం, ఆడిటర్‌గారు చూశారు. చందా బాకీ ఉన్నవారు ఈరోజే కడితే మంచిది.

వర్క్‌షాప్‌కి తెచ్చిన ఎక్స్‌టెన్షన్ బోర్డుల్లో రెండు ఇంకా తిరిగి రాలేదు. ఎవరి దగ్గరున్నాయో చెబితే నేనే వచ్చి తీసుకెళ్తాను.

ఇట్లు,
కార్యదర్శి