ఆపరేషన్‌కు రోబో వచ్చింది, పేషెంట్‌ని ఎత్తడానికి ఇంకా దుప్పటే

సంపాదకుడు గారికి నమస్కారం.

మన ప్రభుత్వ ఆస్పత్రుల్లోకి రోబోటిక్ సర్జరీ వచ్చిందంటే నాకు నిజంగా సంతోషం. హైదరాబాద్ నిమ్స్‌లో 2023లోనే మొదలైంది. కానీ జిల్లాల్లో ఆపరేషన్ అయ్యాక పేషెంట్‌ని టేబుల్ మీంచి స్ట్రెచర్ మీదికి, అక్కడి నుంచి వార్డులో మంచం మీదికి ఎవరు మారుస్తున్నారు, ఎలా మారుస్తున్నారు అని ఎవరూ అడగడం లేదు. నేను ఆర్థో, మెడికల్ వార్డుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను కాబట్టి ఆ సంగతి చెప్పాలని ఈ ఉత్తరం.

పేషెంట్ కిందున్న దుప్పటి అంచులు చుట్టి నలుగురు పట్టుకుంటారు. ఒకరు వార్డ్ బాయ్, ఒకరు నర్సు, మిగతా ఇద్దరు కొడుకో అల్లుడో, ఎవరూ లేకపోతే పక్క మంచం వాళ్ళ అటెండెంట్. ఒకటి, రెండు, మూడు అంటాం, రెండు అనగానే ఒకాయన ఎత్తేస్తాడు. యూరిన్ బ్యాగ్ స్ట్రెచర్ కడ్డీకే తగిలించి ఉంటుంది, ట్యూబ్ లాక్కుపోయి పేషెంట్ కేక పెడతాడు. తుంటి ఎముక విరిగిన వాళ్ళ సంగతైతే చెప్పనక్కర్లేదు. పక్షవాతం వచ్చిన పెద్దావిడని కూర్చోబెట్టాలని ఇంట్లోవాళ్ళు ప్రేమగానే ఆ పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగుతారు, ఆ భుజానికి కండరాల పట్టు ఉండదు కదా, కీలు జారుతుంది. పైకి జరపడానికి పరుపు మీద ఈడిస్తే నడుం కింద చర్మం ఒరుసుకుపోతుంది, అక్కడ పుండు పడితే మానడానికి నెలలు పడుతుంది. ఇవేవీ కేస్ షీటులో రాయరు.

ఇక ఎత్తేవాళ్ళ నడుం మాట. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ అనే ప్రభుత్వ సంస్థ నిపుణుడు 2007లో లెక్కకట్టి, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒక మనిషి పేషెంట్ బరువులో 16 కిలోలకు మించి మోయకూడదన్నారు. 70 కిలోల మనిషిని నలుగురు ఎత్తితే తలకు 17 కిలోలు దాటింది, అదీ బరువు సమానంగా పడితే! నడుం దగ్గర పట్టుకున్నవాళ్ళ మీద ఇంకా ఎక్కువ పడుతుంది. మనిషి బియ్యం బస్తా కాదు, భయంతో బిగుసుకుపోతాడు, మధ్యలో ఎవరి మెడో పట్టుకుంటాడు. నైట్ డ్యూటీలో నలుగురు ఎక్కడ దొరుకుతారు? ఇద్దరమే ఎత్తేవాళ్ళం. నాతో చేసినవాళ్ళలో నడుం నొప్పి లేని నర్సు ఒక్కరు కూడా నాకు గుర్తుకు రావడం లేదు.

జపాన్‌లో దీని మీద ఎప్పటి నుంచో పని చేస్తున్నారు. రికెన్ పరిశోధన సంస్థ 2009లో రీబా అనే రోబోని చూపించింది, 61 కిలోల దాకా మనిషిని రెండు చేతుల మీద ఎత్తుకుంటుంది. 2011లో వచ్చిన రెండోది 80 కిలోలు ఎత్తింది. 2015లో ఎలుగుబంటి ముఖంతో రోబేర్ వచ్చింది, ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. అయినా అవి పరిశోధన దాటి వార్డుల్లోకి రాలేదు. అక్కడ నిజంగా వాడకంలోకి వచ్చినవి చూడ్డానికి మామూలుగా ఉంటాయి. పేషెంట్ ఛాతీ ఆనించి వాలితే మెల్లగా పైకి లేపి వీల్‌చైర్‌లోకి తిప్పే మెషిన్ ఒకటి. సగం విడిపోయి తనే వీల్‌చైర్ అయ్యే మంచం ఇంకొకటి, అందులో అసలు ఎత్తే పనే ఉండదు. వీటికన్నా ముఖ్యం, 2013లో అక్కడి ప్రభుత్వం నడుం నొప్పి మార్గదర్శకాలు మార్చి, పూర్తిగా మంచం పట్టినవాళ్ళని చేతులతో ఎత్తించకూడదని, లిఫ్ట్ అంటే మనిషిని ఎత్తే మెషిన్ లాంటివి వాడాలని రాసింది. అమెరికాలో టెక్సాస్ 2005లో, కాలిఫోర్నియా 2011లో దీనికి చట్టాలే తెచ్చాయి. నా సర్వీసు మొత్తంలో ఈ విషయం మీద ఒక్క సర్క్యులర్ నా కంట పడలేదు.

విదేశాల్లో ఉద్యోగాలు చూపించే మన తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా నర్సింగ్ చదివిన పిల్లలు జపాన్ వెళ్తున్నారు. అక్కడ లిఫ్ట్ లేకుండా ఎత్తవద్దని నేర్పుతారు, రేపు తిరిగొచ్చి మన వార్డులో చేరితే అదే దుప్పటి మూల చేతికిస్తాం. మన పిల్లలే కదా, ఇక్కడ మాత్రం వాళ్ళ నడుముకు విలువ లేదా?

రేపే రోబోలు తెమ్మని నేననడం లేదు. ముందు నునుపైన నైలాన్ స్లైడ్ షీట్లు ప్రతి వార్డుకూ ఇవ్వండి, ఖర్చు చాలా తక్కువ, మనిషిని ఎత్తకుండానే పక్కకు జరపొచ్చు. తర్వాత బ్యాటరీతో నడిచే పేషెంట్ లిఫ్ట్‌లు. పేషెంట్‌ని అటూ ఇటూ తిప్పి కింద స్లింగ్, అంటే మనిషిని మోసే గట్టి గుడ్డ పరచి, కొక్కేలు తగిలించి బటన్ నొక్కితే ఇద్దరు చాలు. మెషిన్ కొంటే మూలన పడి ఉంటుందని సూపరింటెండెంట్లు అంటారు, ఆ మాటలో నిజం ఉంది, నేనూ చూశాను. ఛార్జింగ్ పెట్టేవాళ్ళు లేక, స్లింగ్ ఉతికించే ఏర్పాటు లేక, నేర్పేవాళ్ళు లేక మూలన పడుతుంది. అందుకే టెండర్‌లోనే అదనపు స్లింగ్‌లు, మెయింటెనెన్స్, ప్రతి షిఫ్ట్‌కూ ట్రైనింగ్ కలిపి రాయాలి. వార్డ్ బాయ్‌లు ఉద్యోగం పోతుందని టెన్షన్ పడక్కర్లేదు, దాన్ని నడిపేది వాళ్ళే, మొదట బాగుపడేది వాళ్ళ నడుమే.

గోషామహల్‌లో ఉస్మానియా కొత్త ఆస్పత్రికి 2025 జనవరిలో శంకుస్థాపన చేశారు. ఐసీయూలు, ఆర్థో వార్డుల్లో సీలింగ్‌కు పేషెంట్ లిఫ్ట్ వేలాడే పట్టాలు బిగించేలా శ్లాబ్ డిజైన్‌లోనే చోటు పెట్టాలి, తర్వాత పగలగొట్టి పెట్టాలంటే ఖర్చు పెరుగుతుంది. ప్రభుత్వ ఆస్పత్రులకు మందులు, పరికరాలు కొనే సంస్థలు ఇటు టీజీఎంఎస్‌ఐడీసీ, అటు ఏపీఎంఎస్‌ఐడీసీ వచ్చే కొనుగోళ్ళ జాబితాలో స్లైడ్ షీట్లు, లిఫ్ట్‌లు చేరుస్తాయో లేదో ఆరోగ్య శాఖ మంత్రులు చెప్పాలి.

— ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్స్, హన్మకొండ