లినక్స్ ల్యాప్‌టాప్‌లలో వైఫై: మా దుకాణం పద్ధతిలో, ధరలో మార్పులు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ముగిసింది. ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందు వచ్చిన ప్రాసెసర్లలో చాలావాటిని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు కాబట్టి, చక్కగా పనిచేస్తున్న పాత ల్యాప్‌టాప్‌ను పక్కన పడేయడం ఇష్టంలేక విండోస్ బదులు వాడుకోగల లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేయించుకుందామని గుంటూరులోని మా దుకాణానికి వచ్చేవారు పెరిగారు. సంతోషమే. అయితే లినక్స్ వేసి ఇచ్చిన యంత్రాల్లో మళ్లీ మా బల్ల మీదికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం వైఫై కారణంగానే వస్తున్నాయి. అందుకని వైఫై కార్డు ఏదో చూడకుండా ఇకపై ఏ ల్యాప్‌టాప్‌కూ లినక్స్ వేయకూడదని నిర్ణయించుకున్నాము. దీనివల్ల కొందరికి ఖర్చు పెరుగుతుంది, కొందరిని వెనక్కి పంపవలసి వస్తుంది. కనుక కారణాలు ముందే చెప్పడం మర్యాద.

వైఫై కార్డు పనిచేయాలంటే లినక్స్‌కు మూలమైన భాగం, అంటే కెర్నెల్‌లో, ఆ కార్డును నడిపించే డ్రైవరు ఉండాలి, యంత్రం మొదలైనప్పుడు ఆ డ్రైవరు కార్డులోకి ఎక్కించే ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రామ్) కూడా ఉండాలి. ఈ ఫర్మ్‌వేర్ మూలకోడ్‌ను తయారీదారులు సాధారణంగా బయటపెట్టరు. ఆ కారణంగానే లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ చాలాకాలం దాన్ని తన అధికారిక ఇన్‌స్టలేషన్ ఫైలులో చేర్చలేదు. 2022లో సభ్యులు ఓటు వేసి నియమం మార్చుకున్నాక, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి చేరుస్తున్నది. అంతకుముందు ఫర్మ్‌వేర్ దింపుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే ఫర్మ్‌వేర్ కావాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లి అయితే గాని పిచ్చి కుదరదు అన్న చందమే.

పాత ల్యాప్‌టాప్‌లకే ఇబ్బంది, కొత్తవాటికి ఉండదు అని చాలామంది అనుకుంటారు గాని, తరచుగా జరిగేది దీనికి విరుద్ధం. ఇంటెల్ ఏఎక్స్ 200 కార్డుకు కెర్నెల్ వెర్షన్ 5.1, ఏఎక్స్ 210కు దాని తర్వాత వచ్చిన 5.10 ఉంటే చాలు. ఇటీవలి తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో కనిపించే రియల్‌టెక్ 8852బీఈ చిప్పుకు కెర్నెల్‌లోనే డ్రైవరు రావడానికి 6.2 దాకా ఆగవలసి వచ్చింది. అందువల్ల 5.15 కెర్నెల్‌తో మొదలైన లినక్స్ మింట్ 21ను అలాంటి యంత్రంలో వేస్తే నెట్‌వర్క్ జాబితా ఖాళీగా కనిపిస్తుంది, 6.8 కెర్నెల్ ఉన్న మింట్ 22 వేస్తే అదే కార్డు మామూలుగా పనిచేస్తుంది. స్నేహితుడి దగ్గర ఉన్న పాత పెన్‌డ్రైవ్‌తో ఇన్‌స్టాల్ చేసుకుని, కార్డు చెడిపోయిందని మా దగ్గరికి వచ్చేవారికి మొదట చెప్పే మాట ఇదే.

బ్రాడ్‌కామ్ పాత చిప్పులు కొన్నింటి సంగతి వేరు. వాటి డ్రైవరు కెర్నెల్‌లో భాగం కాదు. విడిగా వేసుకోవాలి, కెర్నెల్ మారిన ప్రతిసారీ అది మళ్లీ తయారుకావాలి, సెక్యూర్ బూట్ (యంత్రం మొదలయ్యేటప్పుడు సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను అడ్డుకునే అమరిక) ఆన్‌లో ఉంటే దాని సంతకపు కీని రీస్టార్ట్ సమయంలో నమోదు చేయాలి. నవీకరణ తర్వాత నెట్ పోయిందని వచ్చే ఫోన్లలో ఇవి ఎక్కువ. ఇలాంటి కార్డు ఉంటే ఇకపై మార్చిన తర్వాతే లినక్స్ వేస్తాము. కార్డుకు మేము కొన్న బిల్లు ధరే తీసుకుంటాము, బిగించినందుకు 200 రూపాయలు అదనం. దీని మీద మాకు మిగిలేది పెద్దగా లేదు. ఒకే యంత్రాన్ని పదేపదే విప్పే పని తప్పుతుందన్నదే మా లాభం.

కార్డు మార్చడం అన్నిటిలోనూ కుదరదు. పలుచని మోడళ్లు కొన్నింటిలో కార్డును మదర్‌బోర్డుకే అతికిస్తారు. కొన్ని బ్రాండ్ల పాత మోడళ్లలో బయాస్, అంటే యంత్రాన్ని మొదలుపెట్టే ప్రోగ్రామ్, తన జాబితాలో లేని కార్డును చూస్తే యంత్రాన్ని ముందుకు కదలనివ్వదు. ఏఎక్స్ 201 వంటి కార్డులు, సాకెట్‌లో సరిగ్గా ఇమిడినప్పటికీ, కొన్ని ఇంటెల్ ప్రాసెసర్లున్న యంత్రాల్లో తప్ప పనిచేయవు. మార్చడం వీలుకానివారికి యూఎస్‌బీ డాంగిల్ (బయటినుంచి గుచ్చే చిన్న వైఫై పరికరం) ఇస్తాము. మీడియాటెక్ 7612యూ చిప్పు ఉన్నదైతే కెర్నెల్ 4.19 నుంచే డ్రైవరు ఉంది. మీరే బయట కొనుక్కునేటట్లయితే పెట్టె మీద లినక్స్ అన్న మాట చూసి కాక, లోపలి చిప్పు ఏదో తెలుసుకుని కొనండి. ఒకే మోడల్ పేరుతో, వెర్షన్ మారినప్పుడు, వేరే చిప్పు పెట్టి అమ్మడం ఈ వ్యాపారంలో మామూలే. డాంగిల్ కూడా వద్దనుకునేవారి యంత్రాన్ని మేము తీసుకోలేము.

ఇప్పటికే మా దగ్గర లినక్స్ వేయించుకున్నవారికి కార్డు పరీక్ష ఉచితం. దుకాణానికి బయలుదేరేముందు ఒక పని చేసి చూడండి: ఫోన్‌ను కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ నెట్‌ను ల్యాప్‌టాప్‌కు ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లినక్స్ దాన్ని వైరు నెట్‌వర్క్‌గానే చూస్తుంది కాబట్టి వైఫై లేకపోయినా నవీకరణలు దిగుతాయి, చాలాసార్లు దానితోనే ఫర్మ్‌వేర్ సరిపోతుంది. వైఫై వస్తూ పోతూ ఉంటే అనుమానించవలసింది విద్యుత్తు ఆదా అమరికను. ఉబుంటు అనే లినక్స్ రకంలో నెట్‌వర్క్ మేనేజర్ ఫైలులో అది 3గా ఉంటుంది, 2గా మార్చి రీస్టార్ట్ చేస్తే ఆ ఆదా ఆగిపోతుంది. విండోస్‌ను కూడా అదే యంత్రంలో ఉంచుకున్నవారు విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్‌ను తీసివేయాలి. లేకపోతే విండోస్ కార్డును పూర్తిగా వదలదు, ఆ తర్వాత లినక్స్‌లో అది మేల్కొనకపోవచ్చు.

ఇవేవీ పనిచేయకపోతే ల్యాప్‌టాప్‌తోపాటు ఛార్జరు తీసుకురండి. బయాస్‌కు పాస్‌వర్డ్ పెట్టుకుని ఉంటే అది కూడా తెలిసి ఉండాలి. అది లేనిదే సెక్యూర్ బూట్ అమరికను మేము ముట్టుకోలేము.