తాళాలు తీసిన బీరువాలు: మన గ్రంథాలయ సంఘం వార్షిక నివేదిక

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

ఏడాది పొడవునా జరిగిన పనులు వరుసగా చెప్పడం వార్షిక నివేదికలో ఆనవాయితీ. కార్యవర్గం అనుమతితో ఈసారి ఎక్కువ భాగం వసంత కాలానికే కేటాయిస్తున్నాను. మిగతా నెలల్లో గ్రంథాలయం ఎప్పటిలాగే నడిచింది. పత్రికలు వేళకు వచ్చాయి, సమావేశాలు వేళకు జరిగాయి, ఆదాయ వ్యయాల పట్టిక ఆడిట్ అయ్యాక సభ్యులకు విడిగా అందుతుంది. మార్చి మొదలు మే దాకా మాత్రం పుస్తకానికీ పాఠకుడికీ మధ్య సంబంధమే మారింది. అందుకు కారణం ఒక్క నిర్ణయం: అద్దాల బీరువాలకు తాళాలు తీసేశాం.

ఇంతకుముందు పద్ధతి అందరికీ తెలిసిందే. పేరు చీటీ మీద రాసిస్తే లోపలి నుంచి పుస్తకం తెచ్చి ఇచ్చేవారు. ఏ పుస్తకం కావాలో ముందే తెలిసినవారికి అది బాగానే పనిచేసింది. ఏం చదవాలో తెలియక వచ్చినవారికి అద్దం వెనక వరుసలు తప్ప ఏమీ అందేవి కావు. పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. బొమ్మ చూడకుండా, పేజీ తిప్పకుండా ఏ పిల్లవాడూ పుస్తకం అడగడు.

ఈ చర్చ కొత్తదేమీ కాదు. మధ్యయుగపు ఐరోపాలో పుస్తకాలను గొలుసులతో అరలకు కట్టేసేవారు. చేత్తో రాసిన ప్రతులు కనుక ఒక్కొక్కటీ ఆస్తితో సమానం. ఇంగ్లండ్‌లోని హెరిఫర్డ్ చర్చిలో అలాంటి గ్రంథాలయం ఇప్పటికీ ఉంది. గొలుసు అట్ట ముందు అంచుకు తగిలించడం వల్ల అక్కడి పుస్తకాలు వెన్ను లోపలికి, అంచు బయటికి పెట్టి ఉంటాయి. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాల్లో మొదటిది, పుస్తకాలు ఉపయోగం కోసమే అన్నది. ఆ సూత్రాన్ని వివరిస్తూ ఆయన ప్రస్తావించింది ఈ గొలుసు పుస్తకాలనే. లెక్కల మాస్టారుగా ఉండి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడైన మనిషి ఆయన. ప్రతి పాఠకునికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు, పాఠకుని సమయం ఆదా చేయాలి, గ్రంథాలయం పెరిగే జీవి అన్నవి మిగతా నాలుగు. మన బీరువా తాళం ఈ అయిదింటిలో కనీసం నాలుగింటికి అడ్డు నిలిచిందని నా గట్టి నమ్మకం.

పుస్తకాలు పోతాయని భయపడ్డ సభ్యుల మాటను కార్యవర్గం తేలిగ్గా తీసుకోలేదు. అందుకే తాళాలు తీసిన మొదటి వారం నుంచే ఒక నియమం పెట్టాం: చూసిన పుస్తకాన్ని పాఠకులు తిరిగి అరలో పెట్టకూడదు, బల్ల మీదే వదలాలి. తప్పు అరలో చేరిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానం. బల్ల మీద మిగిలినవాటిని గ్రంథపాలకులు సాయంత్రం రాసుకుని సర్దుతారు. దీనివల్ల అనుకోని మేలు కూడా జరిగింది. ఇంటికి తీసుకెళ్లకుండా ఇక్కడే కూర్చుని చదివే పుస్తకాలేవో తొలిసారి తెలిశాయి. జారీ పుస్తకంలో ఏళ్ల తరబడి పేరే కనిపించని చరిత్ర గ్రంథాలు రోజూ బల్ల మీద తేలాయి. కనిపించకుండా పోయాయనుకున్న వాటిలో ఎక్కువ భాగం పక్క అరల్లోనే దొరికాయి. పూర్తి తనిఖీ ఏడాది చివర జరుగుతుంది, ఫలితం ఎలా ఉన్నా సభ్యుల ముందు పెడతాం.

అరలు తెరిచాక అంకెలు అర్థం కావాలి కదా. అమెరికా గ్రంథపాలకుడు మెల్విల్ డ్యూయీ 1876లో ప్రచురించిన దశాంశ వర్గీకరణను, అంటే ఒక్కో విషయానికి ఒక్కో అంకె ఇచ్చి పుస్తకాలు సర్దే పద్ధతిని, పిల్లలకు ఆటగా నేర్పాం. ఒక్కో పిల్లకు ఒక అంకె ఇచ్చి, ఆ అరకు వెళ్లి అక్కడ ఏముందో చెప్పమన్నాం. 523 దగ్గర గ్రహాలు, 598 దగ్గర పక్షులు, 398.2 దగ్గర జానపద కథలు. 894.827 చీటీ వచ్చిన అమ్మాయి తెలుగు సాహిత్యం అరల ముందు నిలబడి, ప్రపంచంలో ఏ గ్రంథాలయంలోనైనా మన పుస్తకాలకు ఇదే అంకా అని అడిగింది. ఈ పద్ధతి వాడే చోటల్లా ఇదే అని చెప్పినప్పుడు ఆ పిల్ల ముఖం చూసినవారెవరూ ఆ సాయంత్రాన్ని మరిచిపోరు.

ఆ ఆట నుంచే పక్షుల ఉదయాలు పుట్టాయి. సూర్యోదయం వేళ పిల్లలూ పెద్దలూ ఆవరణలో కూర్చుని కనిపించినవీ వినిపించినవీ రాసుకోవడం, తలుపులు తెరవగానే 598 అరకు వెళ్లి సరిచూసుకోవడం, కార్యక్రమం అంతే. వసంతంలో పక్షులు అంతగా ఎందుకు కూస్తాయో పుస్తకాల్లోనే దొరికింది: పగటి కాలం పెరిగేకొద్దీ వాటి శరీరంలో సంతానోత్పత్తికి సంబంధించిన మార్పులు మొదలవుతాయి, మగపక్షులు జత కోసం, హద్దుల కోసం గొంతెత్తుతాయి. నల్లగా మెరుస్తూ కుహూ అంటున్నది మగ కోకిల అనీ, ఒళ్లంతా చుక్కలున్నది ఆడదనీ తెలిసి పెద్దలే ఎక్కువ ఆశ్చర్యపోయారు. ఖర్చు లేదు, వేదిక లేదు, అతిథి ఉపన్యాసం లేదు. ఈ ఏడాది జరిగిన వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చిన కార్యక్రమం ఇదే.

ఏప్రిల్ 2న పిల్లల పుస్తకాల దినం జరిపాం. పిల్లల కథలు రాసిన డెన్మార్క్ రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1805లో పుట్టిన రోజు అది. 1967 నుంచి అంతర్జాతీయ బాల సాహిత్య మండలి, అంటే ఐబీబీవై, ఆ రోజును జరుపుతోంది. ఆ సంస్థ వెనకున్న యెల్లా లెప్మాన్ గురించి పిల్లల కంటే ముందు మనం తెలుసుకోవాలనిపించి, ఆమె కథనే ఆ రోజు మొదట చెప్పించాం. హిట్లర్ కాలంలో జర్మనీ విడిచిన యూదు పత్రికా రచయిత్రి ఆమె. యుద్ధం ముగిశాక తిరిగి వచ్చి, బాంబులతో కూలిన మ్యూనిక్ నగరంలో 1946లో అనేక దేశాల పిల్లల పుస్తకాలతో ప్రదర్శన పెట్టింది. నిన్నటి దాకా శత్రువులుగా ఉన్న దేశాలకే ఉత్తరాలు రాసి పుస్తకాలు అడిగింది, అవి పంపాయి. 1949లో అదే నగరంలో అంతర్జాతీయ బాలల గ్రంథాలయం, 1953లో జ్యూరిక్‌లో ఐబీబీవై వచ్చాయి. కూడూ గూడూ లేని చోట పిల్లల పుస్తకాలేమిటని అడిగే ప్రశ్న మన సమావేశాల్లోనూ ఏదో రూపంలో వినిపిస్తూనే ఉంటుంది. ఆమె చేసిన పనే దానికి జవాబు.

కథల వేళ నెలంతా సాగింది. కథ చెప్పేవారికి పెట్టిన షరతు ఒక్కటే: కథ అయ్యాక నీతి చెప్పకూడదు, ప్రశ్నలు అడగకూడదు. కథ ఉన్న పుస్తకం మాత్రం బల్ల మీద ఉంచాలి. పిల్లలు తామంతట తామే వచ్చి తీసుకున్నారు.

మార్చి 21న కవితా దినం సందర్భంగా చదువరుల సభ జరిగింది, బాగా జరిగింది. ఏప్రిల్ 23 ప్రపంచ పుస్తక దినానికి ప్రదర్శన ఏర్పాటు చేశాం. 1995లో యునెస్కో ఈ తేదీని ఎంచుకోవడానికి ఇంగ్లండ్ నాటకకర్త షేక్స్‌పియర్, స్పెయిన్ నవలాకారుడు సెర్వాంటెస్, పెరూలో పుట్టిన రచయిత ఇన్కా గార్సిలాసో 1616లో ఈ రోజునే మరణించారన్న ప్రసిద్ధి ఒక కారణం. సెర్వాంటెస్ చనిపోయింది ముందురోజనీ, 23న ఖననం జరిగిందనీ అంటారు కదా అని ఒక పాఠకుడు లేచి అడిగారు. అదీ నిజమే, ఇంకో మెలికా ఉంది. అప్పటికి స్పెయిన్ ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్ పంచాంగానికి మారింది, ఇంగ్లండ్ మారలేదు, రెండింటికీ పది రోజుల తేడా. తేదీ ఒకటే గాని రోజు ఒకటి కాదు. ఆ చర్చ ప్రదర్శన కంటే ఎక్కువసేపు నడిచింది, నడవనిచ్చాం.

పాత పుస్తకాలకు పెట్టిన మరమ్మతు శిబిరం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. బీరువాలు తెరిచిన తర్వాతే మన పుస్తకాల అసలు స్థితి బయటపడింది. పంతొమ్మిదో శతాబ్ది నడిమి నుంచి కాగితాన్ని కలప గుజ్జుతో చేస్తున్నారు. సిరా పాకకుండా అందులో కలిపే పటిక వల్ల ఆమ్లం పుడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ పేజీ పసుపెక్కి, మడిస్తే విరుగుతుంది. దీనికి తోడు మనలో చాలామంది ప్రేమకొద్దీ చేసే పని చిరిగిన పేజీకి పారదర్శకపు టేపు అంటించడం. దయచేసి ఇకమీదట అంటించకండి. టేపులోని జిగురు కాలక్రమంలో కాగితంలోకి ఇంకి గోధుమరంగు మరక వేస్తుంది, పైపొర ఊడిపోతుంది, మరక మాత్రం పోదు. గోధుమ పిండి నుంచి తీసిన గంజితో పలచని జపాన్ కాగితాన్ని అతికిస్తే, కావాలన్నప్పుడు కొద్ది తడితో మళ్లీ తీయవచ్చు. చేసిన మరమ్మతును వెనక్కి తీసుకోగలిగి ఉండాలన్నది ఈ విద్యలో మొదటి పాఠం. రెండోది కాగితం పీచు ఏ వైపు సాగుతోందో చూసుకోవడం. పీచు వెన్నుకు సమాంతరంగా ఉంటే పేజీ మెత్తగా తిరుగుతుంది, అడ్డంగా ఉంటే అలలు తేలి కుట్టును లాగుతుంది.

పాత పుస్తకాలను ఎండలో ఆరబెట్టాలని కొందరు సూచించారు. ఎండ పురుగును తరిమినా కాగితాన్ని కాలుస్తుంది. నీడలో, గాలి ఆడేచోట నిలబెట్టి ఆరబెట్టాం. తేమ 65 శాతం దాటితే బూజు పట్టే ప్రమాదం మొదలవుతుంది కాబట్టి అరలను గోడకు ఆనించకుండా కాస్త ఎడంగా జరిపాం. గంజినీ తేమనూ ఇష్టపడే సిల్వర్‌ఫిష్ పురుగుకు గోడ పక్క చీకటి కంటే మంచి చోటు ఉండదు. సూది పట్టడం మరిచిపోయామన్న పెద్దవాళ్లే అందరికంటే చక్కగా కుట్లు వేశారు. ఒకప్పుడు బైండింగ్ పని చేసిన ఒక పెద్దాయన వారం వారం వచ్చి కుర్రవాళ్లకు చేయి పట్టి నేర్పారు. పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు. సంఘం ఆయనకు రుణపడి ఉంది.

చూపు లేని పాఠకుల కోసం చదివి రికార్డు చేసే పని ఈ వసంతంలోనే మొదలైంది. వారికి అందుబాటు రూపంలో పుస్తకాలు తయారుచేయడానికి కాపీహక్కుల చట్టాల్లో మినహాయింపు ఉండాలని 2013లో కుదిరిన మరాకేష్ ఒప్పందం చెబుతోంది. దాన్ని మొట్టమొదట ఆమోదించిన దేశం భారత్. 2016లో అది అమల్లోకి వచ్చింది. చదవడానికి ముందుకొచ్చినవారికి మేం చెప్పింది ఇదీ: నటించకండి, తొందరపడకండి, పేజీ సంఖ్య చెప్పండి, బొమ్మ ఉంటే ఏముందో రెండు వాక్యాల్లో వివరించండి. అధ్యాయానికో ఫైలు విడిగా ఉండాలి. వినేవారికి కూడా మనలాగే వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకునే వీలుండాలి. మొదటి రికార్డింగు విన్న పాఠకురాలు అడిగింది ఒక్కటే, రెండోది ఎప్పుడని. గొంతు ఇవ్వగల సభ్యులు ఇంకా కావాలి.

విత్తనాల అర కూడా తెరిచాం. పుస్తకంలాగే తీసుకెళ్లి, పండించి, కొత్త గింజలు తిరిగి ఇవ్వాలి. టమాటా, బఠానీ లాంటివి చాలావరకు తమలో తామే పరాగసంపర్కం చేసుకుంటాయి కాబట్టి కొత్తవారికి అవే ఇచ్చాం. గుమ్మడి జాతి తేనెటీగల వల్ల పక్క రకాలతో కలిసిపోతుంది, గింజ మారిపోతుంది. అనుభవం ఉన్నవారికే దాన్ని ఇస్తున్నాం.

పుస్తకాల పట్టికలో ఇంటిపేరు కింద ఉన్న రచయితలను పాఠకులు అసలు పేరుతోనో కలం పేరుతోనో వెతుకుతున్నారని గమనించి, మూడు పేర్లనూ కలిపే సూచన కార్డులు రాయించాం. ఇది నిదానపు పని, సగం కూడా కాలేదు. కాలం చెల్లిన వైద్య, న్యాయ, పోటీ పరీక్షల పుస్తకాలను అరల నుంచి తీసేశాం. పాత మందుల మోతాదు చెప్పే పుస్తకం అరలో ఉండటం మేలు కాదు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం తీర్మానాలు ఇవి. బీరువాలకు తాళాలు మళ్లీ వేయడం ఉండదు. పక్షుల ఉదయాలు వసంతానికే పరిమితం కాకుండా ఏడాదంతా సాగుతాయి. మరమ్మతు బల్ల శాశ్వతంగా ఉంటుంది. యునెస్కో 1949లో తొలిసారి వెలువరించి, 2022లో మళ్లీ సవరించిన ప్రజా గ్రంథాలయ ప్రకటన ప్రతిని తెలుగులో రాయించి ద్వారం దగ్గర పెడతాం. వయసు, కులమతాలు, స్థితిగతులతో పనిలేకుండా అందరికీ సమానంగా సేవ అందాలన్న మాట లోపలికి వచ్చే ప్రతి ఒక్కరి కంటా పడాలి. రికార్డింగుకు, సూచన కార్డులకు, మరమ్మతుకు వేళ ఇవ్వగలిగినవారు గ్రంథపాలకుల దగ్గర ఉన్న పుస్తకంలో పేరు రాయగలరు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి