1977కి కూడా ఒక పేజీ ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ప్రతి ఏడాదీ జూన్ 25 రాగానే పేపర్లన్నీ ఎమర్జెన్సీ గురించి పేజీలకి పేజీలు రాస్తాయి, రాయాల్సిందే, కానీ దాన్ని జనం ఓటుతో ఎలా సాగనంపారో ఆ 1977 సంగతి మాత్రం నాలుగు లైన్లలో తేల్చేస్తున్నారండీ.

అప్పుడు నాకు 19 ఏళ్లు. ఓటు వయసు 21 కాబట్టి నాకు ఓటు లేదు. మా నాన్న పొద్దున్నే స్నానం చేసి తెల్ల పంచె కట్టుకుని వెళ్లి అప్పటి కాంగ్రెస్ గుర్తు ఆవు దూడ మీద ముద్ర వేసొచ్చాడు, ఇందిరమ్మ మనకి ఇంటి స్థలం ఇచ్చింది కదరా అన్నాడు. తర్వాత పంచాయతీ రేడియోలో రాయ్‌బరేలీలో రాజ్ నారాయణ్ చేతిలో ఆవిడ 55 వేల ఓట్ల తేడాతో ఓడిపోయిందని విని, చేతిలో బీడీ ఆరిపోయినా తెలియకుండా అలాగే కూర్చున్నాడు.

దేశమంతా కలిపి కాంగ్రెస్‌కి 154 సీట్లే వస్తే అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో 42కి 41 వాళ్లవే, నంద్యాలలో సంజీవరెడ్డి గారొక్కరే జనతా తరఫున గెలిచారు, ఆయనే జులైలో రాష్ట్రపతి కూడా అయ్యారు. తెలుగోళ్లకి అప్పుడు ఏమీ అర్థం కాలేదు అని ఎవరైనా రాస్తే నాకు చాలా బాధేస్తుంది. ఉత్తరాదిలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లతో ఊళ్లకి ఊళ్లు భయపడిపోయాయి, పేపర్ల మీద సెన్సార్ ఉంటే ఆ సంగతులు మా దాకా ఎలా వస్తాయండీ? తెలిసుంటే మా నాన్న ఓటు ఎటు పడేదో, ఆయన్ని నేను ఎప్పుడూ అడగలేదు.

మాది అవనిగడ్డ వైపు. అదే ఏడాది నవంబర్ 19న ఉప్పెన వచ్చింది, ప్రభుత్వ లెక్కల్లోనే పది వేల మంది దాకా పోయారు. మర్నాడు తుమ్మచెట్ల కొమ్మలకి చీరలు వేలాడుతున్నాయి, కింద చేలల్లో పశువుల కళేబరాలు, బావిలో నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పు. మార్చిలో మా నాన్న పక్కన కూర్చుని రేడియో విన్నవాళ్లలో ఇద్దరు ఆ రాత్రే పోయారు. మాకు 1977 అంటే ఈ రెండూ కలిపే గుర్తొస్తాయి, ఢిల్లీ నుంచి రాసేవాళ్లు మొదటిదే రాస్తారు.

ఆ ఎన్నికల్లో ఓటేసినవాళ్లు ఇప్పుడు డెబ్భై దాటేశారు. దయచేసి ఊళ్లకి ఒక రిపోర్టర్‌ని పంపించి వాళ్ల మాటలు రాయించండి. మా ఊళ్లో నలుగురున్నారు, ఒకాయనకి చెవులు సరిగా వినపడవు గానీ పక్కన కూర్చుని కాస్త గట్టిగా అడిగితే అన్నీ చెప్తారు.

— ఒక రిటైర్డ్ టీచర్, దివిసీమ