అలాస్కా టూరు: ఓడ సంగతి తరువాత, ముందు నేల సంగతి చూడాలి

సంపాదకులకు,

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో విదేశీ విహారయాత్రల గురించి ఇటీవల వచ్చిన వ్యాసంలో అలాస్కాకు అర పేజీ కేటాయించడం సంతోషించదగ్గదే. అయితే ఆ అర పేజీలో ఓడలోని ఈతకొలను, పన్నెండు రకాల భోజనం, రాత్రి వినోద కార్యక్రమాల ప్రస్తావనే ఎక్కువగా ఉంది తప్ప, అలాస్కా నేల గురించి రెండు వాక్యాలకు మించి లేదు. నెల్లూరు ట్రంకు రోడ్డులోనూ, ఒంగోలు కర్నూలు రోడ్డులోనూ ట్రావెల్స్ వారు కట్టే ఫ్లెక్సీలది కూడా ఇదే వరస. మన రెండు జిల్లాల నుంచి పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే తల్లిదండ్రులు ఒకప్పుడు నయాగరా, గ్రాండ్ కాన్యన్ చూసి తిరిగివచ్చేవారు. ఇప్పుడు పిల్లలు అలాస్కాకు కూడా టికెట్లు తీస్తున్నారు. ఇంటిల్లిపాదికీ కలిపి లక్షల్లో ఖర్చయ్యే ఈ యాత్రను ఎలా ఎంచుకోవాలో, కుటుంబంతో వెళ్ళివచ్చిన వాడిగా నాకు తెలిసినంతవరకు మీ పాఠకుల ముందు ఉంచాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఓడ యాత్రనూ నేల యాత్రనూ కలిపి అమ్మే ప్యాకేజీలో సాధారణంగా ఏడు రాత్రులు ఓడలో గడుస్తాయి. కెనడాలోని వాంకూవర్ నుంచి బయలుదేరిన ఓడ కెచికన్, జూనో, స్కాగ్వే రేవుల్లో ఆగుతూ, హిమానీనదాల ముందు నిలుస్తూ, ఉత్తరాన ఉన్న విట్టియర్ లేదా సీవర్డ్ రేవుకు చేరుతుంది. అక్కడి నుంచి రైలులోనో బస్సులోనో యాంకరేజ్, డెనాలి జాతీయ పార్కు, ఫెయిర్‌బ్యాంక్స్ దాకా తీసుకువెళతారు. ఇదే యాత్రను తిరగవేసి, ముందు నేల, తరువాత ఓడగా కూడా అమ్ముతారు. రేవు పట్టణాలు చూడముచ్చటగా ఉంటాయి, కాదనను. రాష్ట్ర రాజధాని అయిన జూనోకు బయటి ప్రపంచం నుంచి రోడ్డే లేదని, విమానమో ఓడో ఎక్కవలసిందేనని తెలిసినప్పుడు ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది. కానీ పెద్ద ఓడలు ఒకేసారి నాలుగైదు వచ్చి నిలిచిన రోజున ఆ ఊరి ప్రధాన వీధిలో కనిపించేది నగల దుకాణాలూ, వాటి ముందు మన వంటి యాత్రికులూ మాత్రమే. ఈ రద్దీ భరించలేకనే జూనో నగరం ఓడల సంస్థలతో ఒప్పందం చేసుకుని, 2024 నుంచి రోజుకు అయిదు పెద్ద ఓడలకు మించి రాకుండా పరిమితి పెట్టుకుంది. మనుషుల చెయ్యి పడని అడవిని చూడాలని వెళ్ళేవారికి ఆ అడవి తీరంలో కాక లోపలి నేలలో దొరుకుతుంది. కాబట్టి ఏ ఓడ అన్నది తరువాత చూసుకోవచ్చు, ముందుగా నేల మీద ఎన్ని రాత్రులు, అవి ఎక్కడెక్కడ అన్నది తేల్చుకోవాలి.

ఆ రాత్రుల్లో కనీసం రెండు డెనాలి పార్కు ముఖద్వారం దగ్గర ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. 60 లక్షల ఎకరాల ఆ పార్కు విభజనకు ముందటి మన నెల్లూరు జిల్లాకు దాదాపు రెండింతలు. అంత విస్తీర్ణానికీ ఉన్న రోడ్డు ఒక్కటే, దాని పొడవు 92 మైళ్ళు. వేసవిలో సొంత కార్లను 15వ మైలు దాటనివ్వరు, ఆపైన పార్కు బస్సులే దిక్కు. పైగా 45వ మైలు ప్రాంతంలో ప్రెట్టీ రాక్స్ అనే చోట కొండచరియ జారిపోవడంతో 2021 ఆగస్టు నుంచి రోడ్డు 43వ మైలు దగ్గరే ఆగిపోయింది. ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నాకు ఆ చరియ కథ ప్రత్యేకంగా ఆసక్తి కలిగించింది. ఏళ్ళ తరబడి గడ్డకట్టి ఉన్న నేల కరుగుతూ రావడంతో, ఒకప్పుడు ఏడాదికి కొద్ది అంగుళాలు మాత్రమే జరిగే ఆ వాలు 2021 నాటికి గంటకు అర అంగుళానికి పైగా జరిగే స్థితికి వచ్చిందట. రోజూ కంకర పోసి రోడ్డు నిలబెట్టడం ఇక సాధ్యం కాదని తేలాక అక్కడ వంతెన నిర్మాణానికి పూనుకున్నారు. ట్రావెల్స్ వారి పాత బ్రోచర్లలో 66వ మైలు దగ్గరి ఐల్సన్ సందర్శక కేంద్రం, 85వ మైలు దగ్గరి వండర్ లేక్ బొమ్మలు ఉండవచ్చు. మీరు వెళ్ళే ఏడాది బస్సు ఎంతవరకు వెళుతుందన్నది ఆ బొమ్మలను బట్టి కాక, పార్కు వారి సొంత వెబ్‌సైట్ చూసి నిర్ధారించుకోవాలి.

బస్సుల్లోనూ తేడాలున్నాయి. ప్యాకేజీ ధరలోనే కలిపి ఇచ్చేది చాలాసార్లు పొట్టి టూరు. అది కొంత దూరం వెళ్ళి, పార్కు చరిత్ర చెప్పి, వెనక్కు తీసుకువస్తుంది. రోడ్డు తెరిచి ఉన్నంత మేరా వెళ్ళే టండ్రా (చెట్లు పెరగని చలి నేల) బస్సు కావాలంటే అదనపు సొమ్ము కట్టాలి, అది కట్టడం దండగ కాదు. ఆ బస్సులో డ్రైవరే గైడు. కిటికీ దగ్గర కూర్చున్న వారెవరికైనా జంతువు కనబడితే గట్టిగా "ఆపండి" అనాలి, అతడు బండి ఆపి, ఇంజను కట్టేసి, అందరినీ గొంతు తగ్గించమంటాడు. దూరాన వాలు మీద తెల్లని రాళ్ళలా కనిపించినవి కదలడం మొదలుపెడితే అవి కొండగొర్రెలని తెలుస్తుంది. కరిబూలు అనే ధ్రువప్రాంతపు దుప్పులు, దుప్పిజాతిలో అన్నింటికంటే పెద్దదైన మూస్, అదృష్టం ఉంటే పిల్లలను వెంటబెట్టుకుని గడ్డలు తవ్వుకుంటున్న గోధుమరంగు ఎలుగుబంటి. ఏదీ పిలిచినప్పుడు వచ్చేది కాదు. గూడబాతుల కోసం చీకటితోనే నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్ళే అలవాటున్న మన వారికి ఈ మాట వివరించనక్కరలేదు. పొద్దున తొలి బస్సుకూ, మధ్యాహ్నం బస్సుకూ చాలా తేడా ఉంటుంది, ఏ వేళ బస్సు ఇస్తున్నారో కూడా ముందే అడగడం మంచిది.

రెండు రాత్రులు ఎందుకని కొందరు అడగవచ్చు. 20,310 అడుగుల ఎత్తుతో ఉత్తర అమెరికా ఖండంలోనే పెద్దదైన, ఆ పార్కులోని డెనాలి శిఖరం తన చుట్టూ తానే మబ్బులు కమ్ముకుంటుంది. అక్కడికి వెళ్ళిన వారిలో దాదాపు మూడో వంతు మందికి మాత్రమే అది కనబడుతుందని పార్కు వారే చెబుతారు. సాయంత్రం చేరి మరునాడు ఉదయమే బయలుదేరే ఒక్క రాత్రి ప్యాకేజీ కొన్నవారు మబ్బులనే చూసి తిరిగిరావలసి రావచ్చు. (శిఖరానికి మెకిన్లీ అన్న పాత పేరును అమెరికా ప్రభుత్వం 2025లో తిరిగి పెట్టింది, పార్కు మాత్రం డెనాలిగానే ఉంది. బ్రోచర్లలో రెండు పేర్లూ కనిపిస్తే రెండు చోట్లు అనుకోవద్దు.) ఇంకొక మెలిక ఉంది. హోటలు పేరులో డెనాలి అనో మెకిన్లీ అనో ఉన్నంత మాత్రాన అది పార్కు ద్వారం దగ్గర ఉన్నట్టు కాదు. దక్షిణం వైపు టాల్కీట్నా, ట్రాపర్ క్రీక్ పరిసరాల్లో ఉన్న హోటళ్ళ నుంచి ఆకాశం తేటగా ఉన్న రోజున శిఖరం అద్భుతంగా కనిపిస్తుంది, కానీ అక్కడి నుంచి పార్కు బస్సు ఎక్కే చోటుకు నూరు మైళ్ళకు పైగా దూరం. రెండు రాత్రులు అని రాసి, ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ ఇచ్చే ప్యాకేజీలున్నాయి. ఊరి పేరు, ముఖద్వారానికి దూరం రాతపూర్వకంగా తీసుకోవాలి.

ముందు నేలా, ముందు ఓడా అన్న ప్రశ్నకు పెద్దవాళ్ళ విషయంలో నా సమాధానం ముందు నేల అనే. నేల యాత్రలో రోజు విడిచి రోజు గది మారుతుంది. తెల్లవారకముందే పెట్టెలు తలుపు బయట పెట్టాలి, అవి వేరే బండిలో వెళ్ళి సాయంత్రం తరువాతి హోటలుకు చేరతాయి. అందుకని మందులు, స్వెట్టరు, ఆ పూటకు కావలసిన బట్టలు చేతిసంచిలోనే ఉండాలి. యాంకరేజ్ నుంచి డెనాలికి రైలు ప్రయాణం ఎనిమిది గంటల దాకా పడుతుంది. గాజు కప్పు పెట్టెలో కూర్చుని, వాగుకు 296 అడుగుల ఎత్తున 1921లో కట్టిన హరికేన్ గల్చ్ వంతెన దాటుతున్నప్పుడు కిందికి చూడడం నా మట్టుకు నాకు ఆ యాత్రంతటిలో మేలైన ఘడియ. అయినా ఎనిమిది గంటలు ఎనిమిది గంటలే. ఈ అలసట ముందుగా అయిపోతే, తరువాత ఒకసారి పెట్టె విప్పి ఏడు రాత్రులు ఒకే గదిలో ఉండవచ్చు. ఓడ దిగిన ఉదయమే రైలెక్కించి రోజంతా ప్రయాణం చేయించే ప్యాకేజీలు కుర్రవాళ్ళకు సరిపోతాయి కానీ, మోకాళ్ళ నొప్పులున్నవారికి కాదు.

ఓడ విషయంలో బాల్కనీ గది తప్పనిసరి అని అందరూ ఒత్తిడి పెడతారు. నాకు ఆ మాట మీద అంత నమ్మకం లేదు. హిమానీనదం ముందు ఓడ నిలిచినప్పుడు రెండు వైపుల వారికీ కనబడేలా మెల్లగా తిప్పుతారు, పై డెక్కు అందరిదీ. బాల్కనీకి పెట్టే అదనపు సొమ్ముతో డెనాలిలో రెండో రాత్రో, టండ్రా బస్సో వస్తుందంటే నేను నేల వైపే మొగ్గుతాను. అంతకంటే ముఖ్యంగా అడగవలసింది, ఓడ గ్లేసియర్ బే లోపలికి వెళుతుందా లేదా అని. ఆ జాతీయ పార్కులోకి రోజుకు రెండు పెద్ద ఓడలను మాత్రమే అనుమతిస్తారు. 1794లో కెప్టెన్ జార్జ్ వాంకూవర్ నావికులు వచ్చేటప్పటికి ఆ అఖాతం నిండా మంచే, ఓడకు దారి లేదు. ఇప్పుడు 65 మైళ్ళు లోపలికి నీళ్ళ మీద వెళ్ళవచ్చు. పార్కు రేంజర్లు ఓడలోకి వచ్చి ఈ చరిత్ర అంతా మైకులో చెబుతారు. అనుమతి లేని ఓడలు హబ్బర్డ్ వంటి వేరే హిమానీనదం చూపిస్తాయి, అదీ గొప్పదే. అయితే కొన్నది ఏదో తెలిసి కొనాలి కదా.

మన పాస్‌పోర్టు ఉన్నవారు అన్నింటికంటే ముందు చూసుకోవలసింది కెనడా వీసా. 1886 నాటి ఒక అమెరికా చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న (అంటే వేరే దేశంలో నమోదైన) ఓడలు అమెరికాలోని ఒక రేవులో ఎక్కించుకున్న ప్రయాణికులను నేరుగా మరో అమెరికా రేవులో దింపకూడదు. ఈ పెద్ద ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండా కిందనే తిరుగుతాయి. అందువల్ల నేల యాత్రతో కలిసిన ఒకవైపు ప్రయాణాలకు వాంకూవరే ఒక కొసగా ఉంటుంది. సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగే యాత్రలు కూడా విక్టోరియా వంటి కెనడా రేవును తాకక తప్పదు. అమెరికా వీసా ఉంది కదా అని కెనడా వీసా సంగతి మరిచిపోతే రేవులోనే ఆపేస్తారు. వేలిముద్రలు, దరఖాస్తు పరిశీలన కలిపి దీనికి నెలలు పట్టవచ్చు గనుక, నెల్లూరు నుంచి బయలుదేరే ముందే ఈ పని పూర్తి చేసుకోవడం ఉత్తమం. పాస్‌పోర్టులో అమెరికా వీసా ముద్ర గడువు తీరిన పిల్లలు కూడా కెనడా వెళ్ళి తిరిగి రావడం గురించి ముందుగా తమ న్యాయవాదిని అడగాలి.

నెల ఎంపిక గురించి క్లుప్తంగా. మన వాళ్ళు ఎండలకు భయపడి ఏప్రిల్‌లోనే అమెరికా చేరుతారు, కానీ డెనాలి బస్సులు మే 20 ప్రాంతంలో గానీ మొదలుకావు. జూన్‌లో ఫెయిర్‌బ్యాంక్స్‌లో దాదాపు 22 గంటల పగలు, దానితో పాటు దోమలు. ఆగస్టు చివర టండ్రా ఎర్రబారుతుంది, చీకటి పడుతుంది కనుక ఉత్తర ధ్రువకాంతి కనబడే అవకాశమూ అప్పటి నుంచే. తీరంలో మాత్రం శరత్తు వైపు జరిగేకొద్దీ వాన ఎక్కువ. కెచికన్‌లో ఏటా కురిసే వాన నెల్లూరు వానకు మూడు రెట్లకు మించి ఉంటుంది, గొడుగు కంటే తలకప్పు ఉన్న రెయిన్‌కోటు మేలు.

భోజనం సంగతి చెప్పకపోతే మన లేఖ పూర్తి కాదు. పెద్ద ఓడలలో ముందుగా రాసి తెలియజేస్తే భారతీయ శాకాహారం వండిపెడతారు. చిక్కంతా నేల మీద ఉన్న రోజుల్లోనే, అక్కడ భోజనం చాలా ప్యాకేజీల్లో కలిసి ఉండదు, శాకాహారులకు దొరికేది కొద్దిగా. రైస్ కుక్కరు తీసుకువెళదామనుకుంటే ఓడలోకి రానివ్వరు, ఇంట్లో వండిన పదార్థాలనూ రానివ్వరు. మూత తీయని పొడి ప్యాకెట్లు సాధారణంగా ఆపరు. పార్కులో తినుబండారాలు బయట వదిలితే ఎలుగుబంట్లు వస్తాయి గనుక ఆ నియమాలు కఠినం. బీపీ, షుగరు ఉన్నవారు తమ బీమా పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో చదివి చూసుకోవాలి. డెనాలి ద్వారం నుంచి ఫెయిర్‌బ్యాంక్స్‌లోని పెద్దాసుపత్రికి సుమారు 120 మైళ్ళు.

ఇక మీకు నా విన్నపం ఒకటుంది. ఇకముందు ఇటువంటి యాత్రల మీద వ్యాసాలు వేసేటప్పుడు ఓడ బొమ్మతో పాటు ఏ రాత్రి ఏ ఊళ్ళో బస, ఏ బస్సు, ఏ దేశపు వీసా అన్న పట్టిక ఒకటి వేయండి. నెల్లూరు, ఒంగోలు ట్రావెల్స్ వారు కూడా తమ కరపత్రాలలో ఇవే వివరాలు అచ్చు వేస్తే, అడ్వాన్సు కట్టే ముందే ఇంట్లో నలుగురూ కూర్చుని ఒకదానితో ఒకటి పోల్చి చూసుకునే వీలు కలుగుతుంది.

భవదీయుడు,
విశ్రాంత ఇంజనీరు,
మాగుంట లేఅవుట్, నెల్లూరు.