ఆటుపోట్ల సమయాలు కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎండలు ముదిరేసరికి పేపర్ల నిండా బీచ్ ఫొటోలే, పిల్లలతో వెళ్లేవాళ్లకి ఏది సరిపడుతుందో మాత్రం ఎవరూ రాయరు. విశాఖ ఆర్కే బీచ్ ఉంది, సాయంత్రం నడకకి, కురుసుర సబ్‌మెరైన్ చూడ్డానికి, మురీ మిక్చర్ తినడానికి బ్రహ్మాండం. స్నానానికి మాత్రం వద్దండీ. అలలు ఒడ్డుకు తోసిన నీరు అక్కడక్కడా పాయలా కూడుకుని వేగంగా లోపలికి వెళ్తుంది, ఈతొచ్చినవాళ్లు కూడా దానికి ఎదురీది అలిసిపోయి మునుగుతారు. ఒడ్డు వెంబడి పక్కకి ఈది ఆ పాయలోంచి బయటపడాలన్న సంగతి మన స్కూళ్లలో ఎందుకు చెప్పరో! యారాడ బీచ్ కొండల మధ్య ఎంత అందంగా ఉన్నా అక్కడా ఇదే భయం. రుషికొండ బీచ్‌కి 2020లో, శుభ్రత, భద్రత చూసి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, నేనైతే అటే వెళ్లమంటాను, అదీ లైఫ్‌గార్డులు కనిపించే చోటే దిగాలి.

విజయవాడ, గుంటూరు వాళ్లకి సూర్యలంక బీచ్ నయం. బాపట్లలో రైలు దిగి ఆటో ఎక్కితే సరి. ఆదివారం జనం తోపులాట, వీలైతే మామూలు రోజున తెల్లారే వెళ్లి పదింటికల్లా నీళ్లలోంచి బయటికి వచ్చేయండి, ఆ తర్వాత ఇసుక మీద కాలు పెట్టలేం.

మీకో మనవి. రోజూ రాహుకాలం, వర్జ్యం వేస్తున్నారు కదా, తీర జిల్లాల ఎడిషన్లలోనైనా ఆ పక్కనే ఆటుపోట్ల సమయాలు ఒక్క లైను వేయండి.

- ఓ పాఠకుడు, గుంటూరు