ఆషాఢం ఆఫర్ల బట్టలు మా బల్ల మీదికి వచ్చే ముందు

మా కుట్టు దుకాణానికి వచ్చే అక్కచెల్లెళ్లకు, వదినలకు, పిన్నమ్మలకు నమస్కారం.

ఆషాఢం వస్తే గుంటూరు బట్టల కొట్ల ముందు తగ్గింపు బోర్డులు వేలాడటం కొత్తేమీ కాదు. ఇప్పుడు ఆ హడావిడి టీవీలోకీ ఎక్కింది. షాపింగ్ ఛానల్ పెడితే చాలు, నాలుగు చీరల కాంబోలు, అయిదు కుర్తీల ప్యాకులు, పక్కన నిమిషనిమిషానికీ తరిగిపోయే స్టాకు అంకెలు. ఆ పార్సిళ్లు విప్పిన మర్నాడే మా దగ్గరికి వస్తున్నాయి. "కాస్త వదులు చేసి పెట్టమ్మా", "మెడ సరిచెయ్యి", "వ్రతానికి జాకెట్టు కుట్టాలి". వీటిలో చాలా పనులు కుట్టుతో తీరేవి కావు. లోపం గుడ్డలో ఉంది, లేదా మొదటి కోతలోనే ఉంది. అందుకని ఈ నెల నుంచి మేము కొన్ని పద్ధతులు మారుస్తున్నాం. ఎందుకో దాపరికం లేకుండా చెబుతాను.

ఈ మధ్య ఒకావిడ తెచ్చిన కుర్తీ సంగతి చూడండి. తెర మీద నెమలికంఠం రంగు, ఒంటికి అతికినట్టున్న కోత. తీరా చేతిలోకి తీసుకుని తిరగేస్తే లోపలివైపంతా తెల్లగా ఉంది. కాగితం మీది రంగును వేడితో పాలిస్టర్ గుడ్డకు ఎక్కించే అచ్చు అది. బొమ్మ ఒకవైపే పడుతుంది. నిలబడి ఉన్నంతసేపూ దివ్యంగా ఉంటుంది, నాలుగడుగులు వేసి పక్క చీలికలు గాలికి తిరగబడితే లోపలి తెలుపు బయటపడుతుంది. టీవీలో అమ్మాయి నడవదు కదా, ఉన్నచోటే ఒక చుట్టు తిరుగుతుంది.

అదే కుర్తీని పక్క కుట్టు దగ్గర తెరిచి చూశాం. అంచుకు ఆనుకునే ఓవర్‌లాక్ (పోగులు ఊడకుండా వేసే అంచు కుట్టు) కొట్టేశారు. వదులు చేయడానికి లోపల పావు అంగుళం గుడ్డ కూడా మిగల్చలేదు. మెడ కింద కుట్టుపనికి నైలాన్ దారం వాడారు, వెనక అస్తరు (లైనింగ్) వేయలేదు, ఆ ముడులన్నీ నేరుగా ఛాతీకి గీసుకుంటాయి. ముందు అయిదు బొత్తాలున్నాయి, ఒక్కటీ విప్పడానికి రాదు, అలంకారానికి కుట్టినవి. మెడ ఇరుకు, బొత్తాలు తెరుచుకోవు, ఇక తల ఎటునుంచి దూర్చాలి? జేబు సంగతి అడగనే అక్కర్లేదు. ఆ కుర్తీకి ఆవిడ కోరినట్టు రెండంగుళాలు పెంచడం ఏ దర్జీ వల్లా కాదు.

మరి టీవీలో అంత చక్కగా ఎలా కూర్చుంది? ఫొటోలు తీసేటప్పుడు వీపు వెనక పిన్నులూ క్లిప్పులూ పెట్టి గుడ్డను బిగించడం ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన పని. అక్కడ కనిపించే నడుము క్లిప్పులది.

సైజుల గొడవ ఇంకొకటి. ఛాతీ కొలత పెరిగినంతగా మనిషి భుజం పెరగదు. సన్నటి అమ్మాయికి గీసిన నమూనానే అన్నివైపులా సాగదీసి పెద్ద సైజు అని అమ్మితే మెడ భుజం మీంచి జారుతుంది, చంక కిందికి వేలాడుతుంది, చేయి దగ్గర మాత్రం బిగుసుకుంటుంది. పెద్ద సైజులు తెచ్చేవాళ్ల ఫిర్యాదులు దాదాపు అన్నీ ఇవే. మన దేశపు ఒళ్లకు తగిన కొలతల పట్టిక కోసం నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) 'ఇండియా సైజ్' పేరుతో సర్వే చేపట్టింది. 15 నుంచి 65 ఏళ్ల వయసున్న పాతికవేల మందిని త్రీడీ స్కానర్లతో కొలవడం దాని లక్ష్యం. ఎంచుకున్న నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది. ఆ కొలతలు కత్తెర దాకా వచ్చేలోపు, మీ ఒళ్లు సరిగా లేదని మాత్రం అనుకోకండి. నమూనా సరిగా లేదు, అంతే.

ఇక గుడ్డ. ఛానళ్లకు పాలిస్టర్ మీద అంత మోజు ఎందుకంటే అది నలగదు, చిన్న పొట్లంలో ఇముడుతుంది, దీపాల వెలుగులో మెరుస్తుంది, పైగా చవక. తొడుక్కునేవాళ్ల లెక్క వేరు. వంద గ్రాముల నూలు గుడ్డ గాలిలోంచే ఏడెనిమిది గ్రాముల తేమ పీల్చుకుంటుంది. అదే బరువున్న పాలిస్టర్ అర గ్రాము కూడా పీల్చదు. గుంటూరు ఎండల్లో చెమట ఎటుపోవాలి? ఒంటికీ గుడ్డకీ మధ్యే నిలుస్తుంది. 'కాటన్ ఫీల్' అని రాసిన ప్యాకుల్లో నూలు ఎంతుందో ఎక్కడా రాయరు. రేయాన్ కొంత నయం, కలప గుజ్జుతో చేసేది కాబట్టి తేమ పీలుస్తుంది. కానీ తడిస్తే బలం తగ్గుతుంది, మొదటి ఉతుకులోనే కుంచించుకుపోతుంది. అందుకే కాలి మడమ దాకా ఉన్న రేయాన్ గౌను నెల తిరిగేసరికి పిక్కల మీదికి వస్తుంది.

పట్టు పేరుతో వచ్చేవాటి గురించి ఇంకా స్పష్టంగా చెప్పాలి. ఆర్ట్ సిల్క్ అంటే ఆర్టిఫిషియల్ సిల్క్, అందులో పట్టు ఉండదు. కట్టుకోవడంలో తప్పేమీ లేదు, పట్టు ధర పెట్టి కొనడమే తప్పు. అసలు పట్టుకు సిల్క్ మార్క్ చీటీ ఉంటుంది, కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలో 2004 నుంచి ఇస్తున్నారు. చీటీ లేకపోతే అంచు నుంచి ఒక పోగు లాగి కాల్చండి. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. పాలిస్టర్ కరిగి గట్టి నల్లపూస కడుతుంది. అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది 'మంగళగిరి' పేరు పెట్టి మరమగ్గం గుడ్డ అమ్మడం. భౌగోళిక గుర్తింపు ఉన్న నేత అది, అంటే ఆ పేరు అక్కడి నేతకే చెందుతుంది. గుంత మగ్గం మీద నేసి నిజాం అంచు వేసేవాళ్లు మనకు కూతవేటు దూరంలోనే ఉన్నారు. వాళ్ల పేరును అచ్చువేసి అమ్ముకోవడం ఏం న్యాయం?

టీవీలో కొనేవాళ్లను తప్పుపట్టను. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని పెద్దవాళ్లున్నారు. "మీ సైజు లేదండీ" అని పదిమందిలో అరిచే కొట్టు కుర్రాళ్లను తప్పించుకోవాలనుకునేవాళ్లున్నారు. వానాకాలంలో బస్సెక్కి ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు త్వరగా ఆరే పాలిస్టర్ కుర్తీ నిజంగానే పనికొస్తుంది. చెప్పింది ఒకటి పంపింది ఒకటి అయితే మాత్రం ఊరుకోకండి. బిల్లు, తెర మీది ఫొటో దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయండి. మేము కత్తెర వేశాక ఆ బట్ట వెనక్కి తీసుకోరు, కాబట్టి ఆ పని ముందే కానివ్వండి.

ఇకపై మా పద్ధతి ఇది. పట్టు అని తెచ్చిన గుడ్డను మీ ఎదుటే పోగు కాల్చి చూసి, ఏది తేలితే అదే రసీదు మీద రాస్తాం. రేయాన్, నూలు గుడ్డలు నీళ్లలో నానబెట్టి ఆరేశాకే కత్తిరిస్తాం, దానికి ఒక రోజు అదనం. లోపల గుడ్డ మిగల్చని కుర్తీలను వదులు చేయం. కావాలంటే చంక నుంచి చీలిక దాకా పక్కముక్కలు వేస్తాం, నూట ఎనభై రూపాయలు. జారే ఆర్ట్ సిల్క్‌కు లైనింగ్ లేకుండా, మరీ బిగుతుగా జాకెట్టు కుట్టం. అది చిరిగేది కుట్టు తెగి కాదు, కుట్టు పక్కన పోగులు జరిగిపోయి. మాట మాత్రం మా కుట్టుకే వస్తుంది. ఇంకో విషయం, కాంబో చీరలతో వచ్చే జాకెట్టు ముక్క చాలాసార్లు ఎనభై సెంటీమీటర్లే ఉంటుంది. లావుపాటి ఒంటికి మోచేతి చేతులు అందులో రావు. ముందే కొలిచి చెబుతాం, చేతులకు వేరే గుడ్డ వెతుక్కోండి.

"మీ కుర్తీ పద్నాలుగు వందలు, టీవీలో ఆ డబ్బుకు మూడొస్తాయి" అన్నవాళ్లకు లెక్క చెబుతాను. మంగళగిరి నూలు రెండున్నర మీటర్లు 700, కుట్టుకూలి 380, నానబెట్టడం, ఇస్త్రీ, దారం, జేబు గుడ్డ కలిపి 90. మిగిలిన 230లోనే అద్దె, కరెంటు, నేను. కుట్టుకూలి తగ్గించను. రేపు మీరు ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి రెండువైపులా అంగుళం చొప్పున లోపల వదులుతున్నాం, అదీ తగ్గించను.

వరలక్ష్మీ వ్రతానికి కావలసిన జాకెట్లు ఆషాఢ అమావాస్య లోపు ఇవ్వండి. కొలత జాకెట్టు తెస్తే ఇప్పుడు మీకు సరిపోతున్నదే తీసుకురండి, పెళ్లినాటిది కాదు.